మిషిగన్‌లో కూగర్ ఉందా? చూశామనే జనం, లేదన్న అధికారులు

(మిషిగన్‌లోని తెలుగు కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో వినబడుతోందా? సరే.

ఈ రాష్ట్రంలో ఏళ్ల తరబడి నలుగుతున్న తగవు ఒకటుంది. పొడవాటి తోకతో, గోధుమరంగులో పెద్ద పిల్లి జంతువు రోడ్డు దాటిందని జనం చెబుతారు. అలాంటి జంతువు ఇక్కడ లేదని అధికారులు అంటూ వచ్చారు. చూసినవాళ్లకి కోపం. నా కళ్లతో నేను చూస్తే, లేదనడానికి మీరెవరు? అధికారులకి విసుగు. మీరు చెప్పిన చోటికి వచ్చి చూస్తే ప్రతిసారీ కుక్క అడుగులే కనబడుతున్నాయి కదా? ఇద్దరిలో ఎవరిది నిజం? ఇద్దరిదీ కొంత నిజమే. ఎవరిది ఎంతవరకు నిజమో, చూసినదాన్ని నిరూపించాలంటే ఏం చేయాలో ఇవాళ చెప్పుకుందాం.

ముందు జంతువు సంగతి. కూగర్, ప్యూమా, మౌంటెన్ లయన్, ఫ్లోరిడాలో పాంథర్, అన్నీ ఒకటే. కెనడాలోని యూకాన్ నుంచి దక్షిణ అమెరికా కొస దాకా వ్యాపించిన జంతువిది. పెద్ద మగది సుమారు 55 నుంచి 70 కిలోలు, ఆడది 35 నుంచి 48 కిలోలు ఉంటుంది. భుజం దగ్గర ఎత్తు 60 నుంచి 75 సెంటీమీటర్లు. తోక మొత్తం పొడవులో మూడో వంతు. ఆ తోకను గుర్తుపెట్టుకోండి, మళ్లీ మళ్లీ దాని దగ్గరికే వస్తాం.

ఒకప్పుడు ఇది అమెరికా తూర్పు భాగమంతా ఉండేది. వేటాడారు, చంపినవాళ్లకి బహుమతులిచ్చారు, అడవులు కొట్టేశారు, దాని తిండి అయిన జింకల్ని కూడా దాదాపు ఖాళీ చేశారు. మిషిగన్‌లో ఆఖరిదిగా లెక్కకెక్కిన కూగర్‌ను 1906లో న్యూబెరీ దగ్గర చంపారు. తూర్పు రాష్ట్రాలన్నిట్లో చివరిది 1938లో మెయిన్ రాష్ట్రంలో. ఫ్లోరిడాలో ఓ చిన్న గుంపు మాత్రం బతికి బయటపడింది. 2011లో కేంద్ర వన్యప్రాణి సంస్థ, ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ సర్వీస్, తూర్పు కూగర్ అంతరించిపోయిందని తేల్చింది. 2018లో దాన్ని అంతరించే జంతువుల జాబితా నుంచి తీసేసింది. జాగ్రత్తగా వినండి. కోలుకుందని తీసేయలేదు, ఇక లేదని తీసేసింది.

మరి అదే 2011లో ఏం జరిగిందో తెలుసా?

2011 జూన్ 11న కనెటికట్ రాష్ట్రంలోని మిల్‌ఫర్డ్ దగ్గర, విల్బర్ క్రాస్ పార్క్‌వే మీద, ఒక ఎస్‌యూవీ కింద పడి ఓ కూగర్ చచ్చిపోయింది. న్యూయార్క్ నగరానికి ఎంతో దూరం లేని చోటు. 140 పౌండ్ల మగది, అంటే 63 కిలోలు పైమాటే. అంతకు కొన్ని రోజుల ముందే గ్రెనిచ్‌లో జనం దాన్ని చూశామన్నారు. రాష్ట్ర అధికారులు మొదట ఏమన్నారు? ఎవరో పెంచుకుంటే తప్పించుకుని ఉంటుంది అన్నారు. అది చచ్చి పడ్డాకా అదే మాట. తర్వాత కళేబరం పరీక్షించారు. గోళ్లు పీకేసిన గుర్తు లేదు, మైక్రోచిప్ లేదు, చర్మం కింద ముళ్లపంది ముళ్లున్నాయి. బోనులో పెరిగిన జంతువుకి ఈ గుర్తులు కుదరవు. డీఎన్‌ఏని మోంటానాలోని మిసూలాలో ఉన్న ఫారెస్ట్ సర్వీస్ ల్యాబ్‌కి పంపారు. ఫలితం జులై ఆఖర్లో వచ్చింది. జంతువు సౌత్ డకోటాలో కూగర్లు కాపురముండే బ్లాక్ హిల్స్ కొండలది. అంతేకాదు, 2009 చివర్లో, 2010 మొదట్లో మినెసోటాలో, విస్కాన్సిన్‌లో ఏరిన నమూనాలు కూడా ఇదే జంతువువని తేలింది. 2010 డిసెంబరులో న్యూయార్క్‌లోని లేక్ జార్జ్ దగ్గర ఒక ఇంటి పెరట్లో కనబడినదీ ఇదే. ఆ ఇల్లు పదవీ విరమణ చేసిన వన్యప్రాణి అధికారిది. మంచులో అడుగులు పట్టుకుని వెళితే, అది పడుకున్న చోట వెంట్రుకలు దొరికాయి. ఒక్క జంతువు, 1,500 మైళ్లకు పైగా ప్రయాణం. 2,400 కిలోమీటర్లు.

దారి పొడుగునా దాన్ని ఎంతమంది చూసుంటారు? వాళ్లలో ఎంతమందిని ఎవరూ నమ్మి ఉండరు? వాళ్లు చూసింది నిజమే కదా!

కానీ ఇక్కడే ఆగి ఆలోచించాలి. ఆ జంతువు దొరికింది కాబట్టి కనెటికట్‌లో కూగర్లు నివసిస్తున్నాయా? లేదు. ఒకే ఒక్క మగది వచ్చింది, చచ్చిపోయింది. తగవంతా ఈ రెండిటినీ కలిపేయడం వల్ల వచ్చింది. మొదటి ప్రశ్న, ఇక్కడికి కూగర్ అనేది వస్తుందా? రెండో ప్రశ్న, ఇక్కడ కూగర్లు కాపురముండి పిల్లల్ని కంటున్నాయా? జనం మొదటి ప్రశ్న అడుగుతారు. అధికారులు రెండోదానికి జవాబు చెబుతారు. సంతానోత్పత్తి జరుగుతున్నట్టు ఆధారం లేదు అనాల్సింది, క్లుప్తంగా లేవు అనేస్తారు. చూసినవాడికి అది ఎలా వినబడుతుంది? నువ్వు అబద్ధం చెబుతున్నావు అన్నట్టు. ఈ తప్పు అధికారులదే, నా అభిప్రాయం అది. శాస్త్రపరంగా వాళ్ల మాట చాలా చోట్ల సరైనదే. చెప్పిన పద్ధతి వల్ల నమ్మకం పోగొట్టుకున్నారు. నమ్మకం పోయిన చోట, డిపార్టుమెంటువాళ్లే రాత్రిపూట తెచ్చి వదులుతున్నారనే పుకార్లు పుట్టాయి. దానికి ఎక్కడా ఆధారం లేదు.

ఎందుకు మగవే వస్తున్నాయి, అదీ ఒంటరిగా? కూన ఏడాది, ఏడాదిన్నర వయసులో తల్లిని విడిచిపెడుతుంది. ఆడకూనలు ఎక్కువగా తల్లి ఉన్న ప్రాంతం పక్కనే స్థిరపడతాయి. మగవాటికి అక్కడ చోటుండదు, పెద్ద మగది ఉంటే చంపేస్తుంది. అందుకని నడుస్తాయి. జింక దొరుకుతుంది, ఆడది దొరకదు, ఇంకా నడుస్తాయి. బ్లాక్ హిల్స్‌లో వీటి సంఖ్య మళ్లీ పెరిగి నిండిపోయాక, అక్కడి నుంచి తూర్పుకి ఇలా బయల్దేరడం ఎక్కువైంది. 2008 ఏప్రిల్‌లో షికాగోలో, నగరం నడిమధ్య రాస్కో విలేజ్‌లో, పోలీసులు కాల్చి చంపినది అలాంటిదే. దాని డీఎన్‌ఏ, అదే ఏడాది జనవరిలో విస్కాన్సిన్‌లోని మిల్టన్ దగ్గర దొరికిన రక్తపు చుక్కలతో సరిపోయింది. ఆ మూలం కూడా బ్లాక్ హిల్సే.

మగది ఎంత దూరం వచ్చినా కాపురం మొదలవదు. ఆడది రావాలి. అందుకే ఆడదాని ఆధారం, కూనల ఆధారం అంత విలువైనవి.

ఇప్పుడు అధికారుల వాదనలో బలమైన భాగం చెప్పాలి. న్యాయంగా ఉండాలి కదా. ఫ్లోరిడాలో పెద్ద పాంథర్లు 120 నుంచి 230 మధ్య ఉన్నాయని అంచనా. అంత చిన్న గుంపులోనే ఏటా ఇరవై, కొన్నేళ్లలో అంతకన్నా ఎక్కువ, కార్ల కింద పడి చస్తున్నాయి. అంటే కాపురమున్న జంతువుని రోడ్డు దాచిపెట్టదు. మిషిగన్ లోయర్ పెనిన్సులాలో, మనం ఉండే ఈ దక్షిణ భాగంలో, రోడ్లు ఎన్ని, కార్లు ఎన్ని? నవంబరులో జింకల వేటకి అడవిలోకి వెళ్లేవాళ్లు ఎంతమంది, వాళ్లు చెట్లకి కట్టే ట్రయల్ కెమెరాలు, అంటే జంతువు కదిలితే వాటంతట అవే ఫోటో తీసేవి, ఎన్ని? దశాబ్దాలుగా ఇక్కడ కూగర్లు పిల్లల్ని కంటుంటే ఒక్క కళేబరమైనా రోడ్డు మీద దొరకాలి. దొరకలేదు. ఈ ప్రశ్నకి, ఉన్నాయని వాదించేవాళ్ల దగ్గర ఇప్పటికీ మంచి జవాబు లేదు.

అయితే మిషిగన్‌లో ఆధారమే లేదా? ఉంది. 2008 నుంచి రాష్ట్ర సహజ వనరుల శాఖ, డీఎన్‌ఆర్, నిర్ధారించినవి ఇప్పటికి వందకు పైగా. ఒకే జంతువు పలుచోట్ల కెమెరాలో పడి ఉండొచ్చు, కాబట్టి వంద నిర్ధారణలంటే వంద జంతువులని కాదు. అన్నీ దాదాపు ఉత్తరాన ఉన్న అప్పర్ పెనిన్సులాలోవే. ఎందుకక్కడ? విస్కాన్సిన్ నుంచి నేల మీద నడిచి రావచ్చు. మన వైపు రావాలంటే మధ్యలో మాకినా జలసంధి ఉంది. లోయర్ పెనిన్సులాలో మొదటి నిర్ధారణ 2017 జూన్‌లో, లాన్సింగ్ పక్కన క్లింటన్ కౌంటీలోని బాత్ టౌన్‌షిప్‌లో జరిగింది. కారులోంచి తీసిన ఫోటో అది. అధికారులు ఆ చోటికి వెళ్లి, ఫోటోలోని చెట్లు, రోడ్డు అంచు సరిచూసి, అవునన్నారు.

ఇక, జనం కూగర్ అనుకునేవి ఏమిటి? పెంపుడు పిల్లి, బాబ్‌క్యాట్ అనే అడవిపిల్లి, చిన్న తోడేలు లాంటి కయోటీ, పసుపు రంగు లాబ్రడార్ కుక్క, గజ్జి పట్టి బొచ్చు ఊడిన నక్క. నవ్వకండి, దూరం నుంచి, పక్కన కొలతకి ఏమీ లేనప్పుడు, గడ్డి మైదానంలో మామూలు పిల్లి కూడా చాలా పెద్దగా కనబడుతుంది. కన్ను దూరాన్ని తప్పుగా అంచనా వేస్తే, పరిమాణం కూడా తప్పుతుంది. చూసినవాడు నిజాయితీగానే చెబుతాడు. తోక చూడండి. బాబ్‌క్యాట్ తోక పొట్టి, జానెడు కూడా ఉండదు. కూగర్ తోక లావుగా, తాడులా, కొస నల్లగా, దాదాపు నేలకి తగిలేంత పొడుగు. చెవి వెనక చూడండి. బాబ్‌క్యాట్‌కి నల్లటి చెవి వెనక తెల్లమచ్చ ఉంటుంది, కూగర్‌కి ఉండదు. ఒంటితో పోలిస్తే కూగర్ తల చిన్నది.

ఒక ముఖ్యమైన విషయం, మన తెలుగువాళ్లకి ప్రత్యేకంగా. నల్ల కూగర్ అనేది ఇప్పటిదాకా ఎక్కడా, ఒక్కటి కూడా, నిర్ధారణ కాలేదు. నల్లటి చిరుతలు మన దేశంలో నిజంగా ఉన్నాయి. చిరుతల్లో, దక్షిణ అమెరికా జాగ్వార్లలో ఆ నలుపు వస్తుంది. అది మనసులో ఉండి, ఇక్కడ సాయంత్రం చీకట్లో నల్లటి జంతువు కనబడితే బ్లాక్ పాంథర్ అనేస్తాం. నల్లగా కనబడింది అని మీరు రాసి పంపిన క్షణమే, ఆ ఫిర్యాదు పక్కకి పోతుంది. చీకటి వల్ల నల్లగా కనబడి ఉంటే అదే రాయండి, రంగు తెలియలేదు అని.

సరే, ఇక పని సంగతి. మీకు కనబడింది. ఏం చేయాలి?

ముందు జాగ్రత్త. దగ్గర్లో ఉంటే పరిగెత్తకండి. పిల్లల్ని ఎత్తుకోండి, చేతులు పైకెత్తి పెద్దగా కనబడండి, గట్టిగా మాట్లాడుతూ మెల్లగా వెనక్కి నడవండి. వీపు చూపించకండి. అది వెళ్లిపోయాకే ఆధారం సంగతి.

ఫోటో. ఫోన్లో తీసినది తీసినట్టే ఉంచండి. వాట్సాప్‌లో పంపితే ఫైలు నలిగిపోతుంది, తేదీ, చోటు లాంటి లోపలి వివరాలు పోతాయి. కత్తిరించవద్దు, వెలుతురు సరిచేయవద్దు. అసలు ఫైలే కావాలి. ఎందుకంటే పడమటి రాష్ట్రాల్లో తీసిన కూగర్ ఫోటోని మా పెరట్లోది అని పంపేవాళ్లు చాలామంది ఉన్నారు. ఒకే ఫోటో నాలుగైదు రాష్ట్రాల పేర్లతో తిరుగుతుంటుంది. కాబట్టి అధికారులు మొదట చూసేది జంతువుని కాదు, చుట్టూ ఉన్న చెట్టు, కంచె, స్తంభం. ఆ చోటికి వచ్చి అవి ఉన్నాయా అని చూస్తారు.

ఇక్కడ మీరు చేయగలిగిన గొప్ప సాయం ఒకటుంది. జంతువు నిలబడిన చోట, మీటరు స్కేలో, ఎత్తు తెలిసిన అట్టపెట్టో పెట్టి, మొదటి ఫోటో తీసిన చోటి నుంచే, అదే జూమ్‌తో, మళ్లీ ఒక ఫోటో తీయండి. రెండూ పక్కపక్కన పెడితే జంతువు ఎత్తు లెక్క తేలిపోతుంది. భుజం దగ్గర 25 సెంటీమీటర్లు వస్తే అది పిల్లి. 50 వస్తే బాబ్‌క్యాట్ కావచ్చు. 65 వచ్చి తోక పొడుగైతే, అప్పుడు ఫోన్ చేయండి. ఎన్నో ఏళ్ల వాదనలు ఈ ఒక్క పనితో పది నిమిషాల్లో తేలేవి.

ట్రయల్ కెమెరా కట్టేవాళ్లు ఉన్నారా ఇక్కడ? చేతులెత్తండి. బాగానే ఉన్నారు. నేల నుంచి 60 నుంచి 90 సెంటీమీటర్ల ఎత్తులో కట్టండి. చాలామంది తల ఎత్తులో కట్టి కిందికి వంచుతారు, అప్పుడు జంతువు పరిమాణం తెలియదు. ఉత్తరం వైపు తిప్పండి, ఎండ లెన్స్‌లో పడదు. కాలిబాటకి అడ్డంగా కాక, ఏటవాలుగా పెట్టండి. అడ్డంగా పెడితే కెమెరా మేలుకునేలోపు జంతువు దాటిపోతుంది, తోక కొస మాత్రమే పడుతుంది. ఒక్కో కదలికకి మూడు ఫోటోలు తీసేలా పెట్టండి. తేదీ, సమయం సరిగ్గా ఉన్నాయో లేదో బ్యాటరీ మార్చినప్పుడల్లా చూడండి.

అడుగుజాడలు. ఇందులో పొరపాట్లు చాలా ఎక్కువ, కాస్త నిదానంగా చెబుతాను. కూగర్ పాదముద్ర వెడల్పు 7 నుంచి 10 సెంటీమీటర్లు. పెద్ద కుక్కది కూడా అంతే ఉంటుంది, కాబట్టి కొలత ఒక్కటే సరిపోదు. గోళ్లు పడలేదు కనుక పిల్లి జాతే అంటారు. అదీ చాలదు. గట్టినేల మీద కుక్క గోళ్లు పడకపోవచ్చు, జారే బురదలో కూగర్ గోళ్లు బయటికి రావచ్చు. మరేం చూడాలి? వేళ్ల వెనక ఉండే పెద్ద మెత్త చూడండి. కూగర్‌కి ఆ మెత్త వెనక అంచు మూడు ఉబ్బులుగా ఉంటుంది, ముందు అంచు చదునుగా ఉంటుంది. అది ముద్రలో చాలా చోటు ఆక్రమిస్తుంది, వెడల్పు 5 సెంటీమీటర్లు దాటుతుంది. వేళ్లు చూడండి. కుక్కకి మధ్య వేళ్లు రెండూ సమానంగా ముందుకి ఉంటాయి, ముద్ర రెండు వైపులా ఒకేలా ఉంటుంది. కూగర్‌కి ఒక వేలు ముందుకి పొడుచుకొస్తుంది, మన చేతిలో మధ్యవేలు ఉన్నట్టు. దాన్ని బట్టి అది కుడి పాదమో ఎడమ పాదమో కూడా చెప్పవచ్చు.

మంచులో ఇంకో మోసం. మధ్యాహ్నం ఎండకి ముద్ర అంచులు కరిగి, రాత్రి గడ్డకట్టి, మర్నాటికి ముద్ర పెద్దదవుతుంది. లాబ్రడార్ అడుగు ఇలాగే కూగర్ అడుగైపోతుంది. కాబట్టి పొద్దున్నే, తాజాగా ఉన్నవే తీయండి. ఒక్క ముద్ర కాదు, వరసగా కనీసం నాలుగు. పక్కన స్కేలు పెట్టి, కెమెరాని సరిగ్గా నిలువుగా పైనుంచి పట్టండి. వాలుగా తీస్తే కొలత తప్పుతుంది. స్కేలు లేకపోతే డాలరు నోటు పెట్టండి, దాని పొడవు అందరికీ తెలిసిందే, 15.6 సెంటీమీటర్లు. తీశాక ఆ ముద్ర మీద బకెట్టో, డబ్బానో బోర్లించి వదిలేయండి, అధికారి వచ్చేదాకా చెడిపోకుండా ఉంటుంది.

బురదలో అయితే అచ్చు పోయవచ్చు. ముద్ర చుట్టూ అట్టముక్కతో కట్ట కట్టండి. రెండు కప్పుల ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌కి ఒక కప్పు నీళ్లు. ముద్ర మీద నేరుగా పోయకండి, అంచులు విరుగుతాయి. పక్కన పోసి ముద్రలోకి పారనివ్వండి. అరగంట దాకా కదపకండి. మంచులో మాత్రం ఇది వద్దు. ప్లాస్టర్ గట్టిపడేటప్పుడు వేడెక్కుతుంది, ముద్ర కరిగిపోతుంది.

చచ్చిన జింక కనబడితే. కూగర్ మెడ వెనకో గొంతో పట్టుకుని చంపుతుంది. కోరల గాట్ల మధ్య దూరం 4, 5 సెంటీమీటర్లు. కళేబరాన్ని ఈడ్చుకెళ్లి ఆకులతో, మంచుతో కప్పిపెడుతుంది. డొక్కల వెనక నుంచి మొదలుపెట్టి ముందు గుండె, కాలేయం తింటుంది. కయోటీలయితే తొడల వైపు నుంచి చీలుస్తాయి, ముక్కలు నాలుగు దిక్కులా లాగుతాయి. కప్పిపెట్టిన జింక అయితే అక్కడ నిలబడకండి, అది మళ్లీ తినడానికి వస్తుంది. ఫోటో తీసి వెళ్లిపోండి. ఆ గాట్ల దగ్గరి లాలాజలంలో డీఎన్‌ఏ దొరుకుతుంది, కాబట్టి ముట్టుకోకండి.

మలం, వెంట్రుకలు. చేతికి తొడుగులు తప్పనిసరి. వీటిలో పరాన్నజీవులుంటాయి, పైగా మీ చేతి డీఎన్‌ఏ, మీ కుక్క డీఎన్‌ఏ అంటకూడదు. కాగితపు కవరులో పెట్టండి. ప్లాస్టిక్ సంచి వద్దు, తడి నిలిచి బూజు పడుతుంది, డీఎన్‌ఏ పాడవుతుంది. ఒక్కో నమూనాకి ఒక్కో కవరు. పైన తేదీ, చోటు రాయండి. వెంట్రుక అయితే కుదురుతో ఉండాలి. కుదురు లేని వెంట్రుకతో, మహా అయితే ఏ జంతువో తెలుస్తుంది. ఏ ఒక్క జంతువో, ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియాలంటే కేంద్రకంలోని డీఎన్‌ఏ కావాలి. మిల్‌ఫర్డ్ జంతువు దారి తెలిసింది ఆ రెండో రకం పరీక్షతోనే. ఎక్కడో విస్కాన్సిన్‌లో ఎవరో జాగ్రత్తగా దాచిన నమూనా, ఏడాదిన్నర తర్వాత కనెటికట్‌లో పనికొచ్చింది.

డీఎన్‌ఏ అన్నారు కదా అని ప్రతిదీ నమ్మాలా? అదీ కాదు. 2006లో మిషిగన్ మలం నమూనాల మీద ఒక పరిశోధన వచ్చింది, ఇక్కడ కూగర్లు చాలా చోట్ల ఉన్నాయని. మరుసటి ఏడాది అదే పత్రికలో ఇతర శాస్త్రవేత్తలు ఆ నిర్ధారణల్ని ప్రశ్నించారు. అలా ప్రశ్నించడం శత్రుత్వం కాదు. నిలబడే ఆధారం ఆ ప్రశ్నల్ని తట్టుకుంటుంది.

వీటన్నిటినీ డీఎన్‌ఆర్ వెబ్‌సైటులో ఐస్ ఇన్ ద ఫీల్డ్ అనే ఫారంలో పంపవచ్చు. కూగర్ల కోసమే వాళ్ల దగ్గర ఒక జీవశాస్త్రవేత్తల బృందం ఉంది. మిజూరి రాష్ట్రం ఇలాంటి బృందాన్ని 1996లోనే పెట్టింది. పిల్లల్ని కంటున్న ఆధారం లేదు అంటూనే, వచ్చిన ప్రతి జంతువునీ బహిరంగంగా లెక్కలో చూపిస్తూ వచ్చింది. అందరూ అలా మొదటి నుంచే చేసి ఉంటే ఇంత తగవు ఉండేది కాదు. మన దగ్గర, 2024లో శంషాబాద్ విమానాశ్రయం దగ్గర చిరుత వార్త వచ్చినప్పుడు తెలంగాణ అటవీశాఖ ఏం చేసింది? ట్రాప్ కెమెరాలు, బోనులు పెట్టింది, పట్టుకుంది, నల్లమలలో వదిలింది. అక్కడ చిరుత ఉండటం వింత కాదు కాబట్టి అంత సులువైంది, ఆ తేడా ఒప్పుకుంటాను. అయినా ముందు కెమెరా పెట్టి, తర్వాత మాట్లాడే పద్ధతి ఎక్కడైనా మంచిదే.

చివరిగా, తాజా సంగతి. 2025 మార్చిలో అప్పర్ పెనిన్సులాలోని ఒంటొనాగన్ కౌంటీలో రెండు కూగర్ కూనల ఫోటోలు వచ్చాయి. ఏడు నుంచి తొమ్మిది వారాల వయసు. డీఎన్‌ఆర్ నిర్ధారించింది. వందేళ్లకు పైగా గడిచాక మిషిగన్‌లో కూనలు కనబడటం అదే మొదటిసారి. ఇందాక రెండో ప్రశ్న అన్నాను చూశారా? దానికి ఇన్నాళ్లూ లేదు అన్న జవాబు, ఆ రోజుతో మారడం మొదలైంది. రెండు కూనలతో గుంపు ఏర్పడిందని కాదు. అవి పెరగాలి, ఇంకో ఆడది రావాలి. కానీ తల్లి ఒకటి అక్కడిదాకా చేరింది.

అందుకే ఒక్క మాట అడుగుతున్నాను. కూగర్ ఈ రాష్ట్రంలో చట్టం కాపాడే జంతువు, చంపడం నేరం. అయినా అప్పర్ పెనిన్సులాలో దొంగచాటుగా చంపినవి దొరికాయి. మీరు సెలవులకి ఉత్తరానికి వెళ్లినప్పుడు కూనలో, వాటి అడుగులో కనబడితే, చోటు పేరుతో ఫేస్‌బుక్‌లో పెట్టకండి. లొకేషన్ ఉన్న ఫోటో గ్రూపుల్లో పంచకండి. అసలు ఫైలు డీఎన్‌ఆర్‌కి పంపండి, తల్లి చుట్టుపక్కలే ఉంటుంది కాబట్టి వెంటనే అక్కణ్ణుంచి కదలండి. మళ్లీ ఆ దారినే వెళ్లి వెతకకండి.

ప్రశ్నలున్నవాళ్లు అడగండి. ముందు ఆ ట్రయల్ కెమెరా అన్నవాళ్లు.